దూలం మీది పొట్లం

"ఐదు గంటలకు జీపు కదులుతుంది మేడమ్. మీకు గంటా యాభై నిమిషాలుంది. ఆ తర్వాత ఒక్క నిమిషం కూడా ఆగను."

ఎస్సై నరేంద్రబాబు చేతి గడియారాన్ని ముందుకు చాపి మరీ చెప్పాడు. డిటెక్టివ్ వనజాక్షి తన గడియారం కూడా చూసుకుంది. మూడుంపది. బడిపిల్లలు వాడే నోటుపుస్తకంలో మొదటి గీత మీద ఆ అంకె రాసి, కింద గట్టిగా ఓ గీత కొట్టింది.

మొగలికుప్పంలోని ఆ పెంకుటింటి వంటగదిలో, గోడకు ఆనుకుని కూర్చునుంది వినీల. ఇరవై మూడేళ్ళుంటాయి. ఒళ్ళో పద్నాలుగు నెలల పండు పాలు తాగుతూనే నిద్రపోయింది. పాప కుడికాలి బొటనవేలికి తెల్లటి కట్టు ఉంది. ఐదింటికి ఆ తల్లి జీపెక్కుతుంది. పాల బిడ్డ ఈ ఇంట్లోనే ఉండిపోతుంది. వినీల రెండు చేతులూ పాప చుట్టూ ఎంత బిగించి ఉన్నాయంటే, వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి.

"ఇందులో మీరు కనుక్కోడానికేముంది చెప్పండి?" నరేంద్రబాబు వేళ్ళు మడిచాడు. "అత్త కామాక్షమ్మ, అరవై రెండేళ్ళు. నిన్న మంగళవారం పన్నెండున్నరకు అన్నం తింది. ఒకటిన్నరకు కడుపులో మంట. రెండింటికి వాంతులు. మూడింటికి కావలి ఆసుపత్రి. డాక్టరు రాసింది ఎలుకల మందు అని. వండింది కోడలు, పెట్టింది కోడలు. సాయంత్రం ఆరింటికి నేనొచ్చి సోదా చేస్తే సగం వాడిన ఎలుకల మందు పొట్లం దొరికింది. నీదేనా అంటే తలూపింది. ఎందుకు కొన్నావంటే నోరు తెరవదు! రెండు గంటలుగా అడుగుతున్నా!"

ఎలుకల మందు అన్న మాట వచ్చిన రెండుసార్లూ వినీల ఉలిక్కిపడింది. రెండుసార్లూ ఆమె చూసింది ఎస్సై వైపు కాదు. పైన పెంకుల వైపు.

వనజాక్షి ఆ చూపు వెంట తనూ పైకి చూసింది. దొరికింది! మొదటి కొస దొరికింది.

"ఎస్సై గారూ, మీదే ఊరు?"

"నెల్లూరే. టౌను. ఎందుకు?"

"ఎన్నో అంతస్తు?"

"నాలుగో... అయినా అదెందుకు మీకు?"

"ఏం లేదులెండి. ఆ పొట్లం యాడ దొరికిందో ఒక్క మాట చెప్పండి చాలు."

నరేంద్రబాబు ఆమెను గుమ్మం దాకా తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "ఆమెకింకా చెప్పలేదు. కోర్టులో చెప్తా. పడకగదిలో రేకు పెట్టె. పాప గుడ్డల అడుగున. అంత తెలివిగా దాచింది."

వనజాక్షి పెన్ను ఆగిపోయింది. తిరిగి వంటగదిలోకి వచ్చి వినీల భుజం తట్టింది.

"లెయ్యమ్మా. అట్టా నడిచొద్దాం పద."

"ఎక్కడికి?" అన్నాడు ఎస్సై.

"అదిగో, ఆ పడవ దాకా. మీ కళ్ళ ముందరే ఉంటాం. పారిపోవడానికి ఆ బిడ్డ వేలు చూడండి, పాపం, వాళ్ళమ్మను పరిగెత్తనిస్తుందా?"

*

చేపల వేట ఆపిన రోజులు. పడవలన్నీ ఇసుకలో బోర్లించి ఉన్నాయి. ఇంటికి అరవై అడుగుల దూరంలో ఆగి వనజాక్షి నెమ్మదిగా అడిగింది.

"ఇక్కడైతే వాటికి వినపడదు గదా?"

వినీల మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది. ఇల్లు చూసింది. సముద్రం చూసింది. చీర కొంగు ఎటు ఎగురుతోందో చూసుకుంది.

"గాలి ఇంటి వైపే కొడతా ఉండాది గదక్కా," అని గుసగుసగా అని, వనజాక్షి చెయ్యి పట్టి పడవ అవతలి వైపుకు లాక్కెళ్ళింది. అక్కడ చతికిలబడి, ఒక్కసారిగా కట్ట తెగినట్టు మొదలుపెట్టింది.

"ఇంట్లో వాటి పేరెత్తకూడదక్కా. మందు పెట్టేటప్పుడు అసలెత్తకూడదు. మా అమ్మా చెప్పింది, మా అత్తా చెప్పింది. వింటాయి. విన్నాయంటే ముట్టవు. ముట్టకపోతే పోనీ, కక్ష కడతాయి. ఆ ఎస్సై సారు వంటింట్లో నిలబడుకోని గొంతు చించుకోని అడగతా ఉంటే నేనేం చెప్పేది? ఆ సారుకేం, అడిగేసి పోతాడు. రాత్రికి నా బిడ్డ కాడికి వచ్చేది అవే గదా!"

"నీకెప్పుడైనా అట్టా జరిగిందా?"

"జరగబట్టే గదా! మూడు నెల్ల నుంచీ అవుతా ఉండాది ఈ బాధ. మా బావ రొయ్యల మేత బస్తాలు తెచ్చి వెనక షెడ్డులో వేసినప్పట్నుంచీ. పోయిన వారం మా ఆయన అన్నం తింటా తింటా గట్టిగా అనేసినాడు, రేపు కావలి పోయి ఎలకల మందు తెస్తానని." ఆ ఒక్క మాట దగ్గర వినీల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆ రాత్రే పండు వేలు కొరికినాయి. నిద్దట్లో కెవ్వుమంది. దీపం వేస్తే రగ్గంతా నెత్తురు. ఇప్పుడికి మూడు సూదులు వేయించినాం. ఇక మా ఆయనకి కూడా చెప్పకుండా నేనే తెచ్చినా."

వనజాక్షి చకచకా రాసుకుంటోంది. "ఎప్పుడు?"

"సోమవారం. సూదికి కావలి పోయినప్పుడు. అంగట్లో కూడా పేరు చెప్పలా. అట్ట మీద బొమ్మ చూపించినా. ఆయన కూడా నవ్వి, ఏం మాట్లాడకుండా కాయితంలో చుట్టి ఇచ్చినాడు. రాత్రి ఎనిమిదిన్నరకి అందరూ టీవీ ముందర ఉంటే, బజ్జీ ముక్కల్లో పెట్టి ఐదు చోట్ల వేసినా. అన్నీ పండుకి అందని చోట్లే. మంగళవారం పొద్దున ఆరుకి చూస్తే ఐదూ అట్టే ఉండాయి. ఎవురో యాడో మాట జారినట్టుండారు, అందుకే ముట్టలేదు అనుకున్నా."

"మిగిలిన పొట్లం?"

"దూలం మీద పెట్టినా. బియ్యం డ్రమ్ము ఎక్కి, మునివేళ్ళ మీద నిలబడుకోని. పండుకి నడక వచ్చింది గదా, దొరికిందల్లా నోట్లోనే పెడతాది. నేల మీద ఏదీ పెట్టను నేను. సబ్బు కూడా పైనే పెడతా."

వనజాక్షి పెన్ను మూసింది. ఈ ఒక్క ప్రశ్న మీద అంతా ఆధారపడి ఉంది.

"వినీలా, ఎస్సై గారికి ఆ పొట్లం దొరికింది దూలం మీద కాదమ్మా. రేకు పెట్టెలో. పండు గుడ్డల అడుగున."

వినీల ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. అరెస్టు గురించి ఒక్క మాటా అడగలేదు. నేను కాదు అని కూడా అనలేదు.

"పసుప్పచ్చ గౌను..." అంది. "పొద్దున ఆ పెట్టెలోదే తీసి తొడిగినా!"

నిద్రపోతున్న పాప ఒంటి మీది గౌను సర్రున లాగేసింది. పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. వినీల కొంగుతో ఆ బిడ్డ నోరు, పెదాలు, చేతి వేళ్ళు ఒక్కొక్కటీ తుడుస్తోంది. గౌను వాసన చూస్తోంది, మళ్ళీ తుడుస్తోంది. "అక్కా, చూడక్కా, నోరు మామూలుగానే ఉండాది గదా? కళ్ళు చూడు! పొట్లం చినిగుండిందా? సారుని అడుగు, పొట్లం చినిగుండిందా అని!"

"లేదు, చినగలా. కాయితం మడిచినట్టే ఉంది, ఎస్సై సారు కాడ నేను చూసినా," అంది వనజాక్షి. ఆమెకింకా వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. కానీ ఎస్సైకి కావాలి. మూడు నలభై రెండు.

*

"నటన," అన్నాడు నరేంద్రబాబు. "సినిమావాళ్ళు నేర్చుకోవాలి."

"మీకు పిల్లలున్నారా?"

"పెళ్ళే కాలేదు."

"పొట్లాన్ని ఆ పెట్టెలో పెట్టిన మనిషికి కూడా పిల్లల్లేరు," అంది వనజాక్షి. "నడక నేర్చిన బిడ్డున్న ఏ తల్లీ ఆ పని చెయ్యదు. అత్తను చంపాలనుకున్న తల్లి కూడా చెయ్యదు."

"వనజాక్షి గారూ, మీరు పదో తరగతి దాకా చదివారని విన్నాను. చట్టంలో తల్లి మనసు అనే సెక్షన్ లేదు. వేలిముద్ర, పొట్లం, ల్యాబు. ఇవుంటాయి."

"తొమ్మిది దాకానే. ఎక్కువ చేసి చెప్పినారెవరో. సరే, మీ లెక్కలోనే పోదాం. రండి, ఒకసారి ఇల్లు చూద్దాం. మీ చేతికి గ్లౌజులున్నాయి, నాకు లేవు, మీరే ముట్టుకోండి."

ఆ మాటకు నరేంద్రబాబు కాదనలేకపోయాడు. ముందు బజ్జీ ముక్కలు. అలమర పైన ఒకటి, అటక మీద రెండు మూలల్లో రెండు, నీళ్ళ మోటారు గూట్లో ఒకటి, కిటికీ పైన ఒకటి. వినీల చెప్పిన ఐదూ చెప్పిన చోటే ఎండిపోయి ఉన్నాయి. ఒక్కదానికీ పంటిగాటు లేదు.

"ఐదు ముక్కలకి సగం పొట్లం పడుతుందా?" అన్నాడు ఎస్సై, గొంతులో ఇంకా పట్టుంది.

"పడుతుందో లేదో మీ ల్యాబు తేలుస్తుంది. ఇప్పుడు పైకి చూడండి."

వనజాక్షి సెల్‌ఫోను లైటు దూలం మీదకు కొట్టింది. బియ్యం డ్రమ్ము మూత మీద రెండు చిన్న పాదాల గుర్తులు, మునివేళ్ళ ముందు భాగం మాత్రమే. పైన దుమ్ములో పొట్లం అంత మేర శుభ్రంగా ఉంది. నరేంద్రబాబు ఆ గుర్తులు చెరగకుండా పక్కన స్టూలెక్కి తొంగి చూశాడు.

"ఇక్కడే ఉండిందన్నమాట."

"దాని పక్కన?"

"దాని పక్కన... ఇంకో చోట కూడా దుమ్ము చెరిగింది. అరచెయ్యి. పెద్ద చెయ్యి. ఏదో గోధుమరంగు పొడి అంటి ఉంది." ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు. "చేపల కంపు!"

"కొంచెం అట్టా దిగి, ఇంకొకటి చూడండి," అంది వనజాక్షి. ఆమె మాటల్లో వేగం పెరిగింది. "డాక్టరు కాగితం మీ జేబులోనే ఉంది. వాంతిలో ఏముందని రాసినాడు?"

నరేంద్రబాబు కాగితం తీశాడు. "అన్నం, ఆకుకూర, చేప తునకలు."

"వినీలా! నిన్న కూరేందమ్మా?"

గుమ్మం అవతల నుంచి సమాధానం వచ్చింది. "తోటకూర పప్పు. చేపలు యాడివక్కా, వేట ఆపి నెల దాటింది. బుట్టలో ఎండు నెత్తళ్ళు కూడా అయిపోయినాయి."

ఎస్సై, డిటెక్టివ్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ ఒకేసారి వెనక వసారాలోని కట్టెల పొయ్యి వైపు నడిచారు. వనజాక్షి చిన్న పుల్లతో బూడిద కెలికింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి పుల్లకు ఏదో గట్టిగా తగిలింది. చిటికెన వేలంత లావు వెన్నుముల్లు, ఒక పక్క మాడింది.

"వంజరం చేప," అంది వనజాక్షి. "ఎండబెట్టిన ముక్క. నిప్పుల మీద కాల్చుకుని తిన్నది. ఇంట్లో నెత్తళ్ళు కూడా లేని మనిషికి వంజరం ఎట్టా వచ్చింది?"

కట్టెలు ఉండేది పక్కనే ఉన్న రేకుల షెడ్డులో. తలుపు తీయగానే కంపు గుప్పుమంది. ముప్పై దాకా రొయ్యల మేత బస్తాలు, మూలల్లో కొరికిన కన్నాలు, నేలంతా ఎలుక పెంటికలు. కాళ్ళ కింద ఏదో చరచరా పాకి బస్తాల వెనక్కి పోయింది. నరేంద్రబాబు ఎగిరి రెండడుగులు వెనక్కి వేశాడు. కట్టెల మోపు పక్కన ఉన్న బస్తా మీద నూనె మరకలు. అరచెయ్యంత మరకలు, రెండు.

"నాలుగో అంతస్తులో ఇవుండవు," అంది వనజాక్షి. "సార్, మీరు ఇవ్వాళ ఒక మాట తెలుసుకోవాల. ఈ పక్క ఊళ్ళల్లో వీటికి మందు పెట్టే మనిషి ఇంకొకరికి చెప్పడు. పెళ్ళాం మొగుడికి చెప్పదు. కొడుకు తల్లికి చెప్పడు. చెప్తే అవి వింటాయని. వినీల అట్టాగే పెట్టింది. మరి ఈ ఇంట్లో మందు పెట్టింది వినీల ఒక్కతేనా?"

నరేంద్రబాబు గడియారం చూసుకున్నాడు. నాలుగూ పద్దెనిమిది.

*

కామాక్షమ్మ పెద్దకొడుకు పెంచలకృష్ణ వీధి అరుగు మీద కూర్చుని కానిస్టేబులుకు టీ పోయిస్తున్నాడు. నలభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. ఆరడుగుల మనిషి, ఇంట్లోకి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర తల వంచాల్సిందే. ఐదింటికి వినీల జీపెక్కాక పండును చూసుకోమని ఎస్సై అప్పజెప్పింది ఇతనికే.

"అన్నా, రెండు మాటలు," అంది వనజాక్షి వంటగదిలోకి పిలిచి. "నిన్న మీరు రొయ్యల గుంటల కాణ్ణించి ఇంటికి ఎన్నింటికి వచ్చినారు?"

"రెండుంపదికి. వచ్చేసరికి అమ్మ వసారాలో దొర్లతా ఉండాది. ఆటో పిలిచి అమ్మనీ వినీలనీ ఎక్కించినా. ఇంటికి తాళమేసి నేను బండి మీద వెనకాలే పోయినా."

"వెనకాలే పోయినారు. ఆటో మూడుకి చేరింది. మీరు నాలుగుకి చేరినారని నన్ను పిలిపించిన మీ తమ్ముడు సుధాకర్ ఆసుపత్రి నుంచి చెప్పినాడు. బండి ఆటో కంటే నిదానమా?"

"పంచరయింది."

"యాడ వేయించినారు?"

"యాడో... రోడ్డు మీద. ఆ గాభరాలో ఎవరు చూస్తారమ్మా?"

"అదీ నిజమే," అని ఒప్పుకుంది వనజాక్షి. వెంటనే పైకి చూసి, ఏమీ పట్టనట్టు అంది. "అన్నా, మీరు పొడుగ్గదా, ఆ దూలం మీద ఏదో పొట్లం ఉన్నట్టుంది. కాస్త అందిస్తారా?"

"అక్కడేం లేదులేమ్మా, నిన్ననే నేను..."

మాట గొంతులోనే తెగిపోయింది. టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"నిన్న మీరు?" అంది వనజాక్షి. "చెప్పండన్నా. నిన్న మీరు దూలం మీద ఏం చూసినారు? నెల రోజులుగా ఇంట్లో లేని వంజరం ముక్క షెడ్డులోకి ఎవరు తెచ్చినారు? ఈ పొడి మీ మేతదే గదా, మీ చొక్కాకి కూడా ఉండాది చూడండి."

పెంచలకృష్ణ అలాగే నేల మీదకు జారిపోయాడు. ఆరడుగుల మనిషి మోకాళ్ళలో తల పెట్టుకుని చిన్న పిల్లాడిలా వెక్కాడు.

"నేను అమ్మకి పెట్టలేదు! అమ్మ తోడు! వాటికే పెట్టినా. మేతకి అలవాటు పడినాయి, బజ్జీలూ గిజ్జీలూ ముట్టవు. మంచి వంజరమయితే తింటాయని కొని, మందు పూసి, పదకొండింటికి బస్తా మీద పెట్టి గుంటల కాడికి పోయినా. ఎవురికీ చెప్పలా. చెప్పకూడదు గదా! అమ్మ కట్టెలకి పోయి చూసినట్టుండాది. మంచి ముక్క, యాడ్నించో ఈడ్చుకొచ్చి పడేసినాయి, పాడు చెయ్యడమెందుకని కడిగి కాల్చుకున్నట్టుండాది. నేనొచ్చి పొయ్యి కాడ ఆ ముల్లు చూసినా. గబగబా బూడిదలోకి తోసేసినా."

"ముల్లు చూసినారు," అంది వనజాక్షి. ఆమె గొంతు మొదటిసారి కరుకుగా పలికింది. "ఏం తిన్నదో మీకు ఒక్కరికే తెలుసు. మూడింటికి డాక్టరు ఏ విషమో తెలీక గంటన్నర పరీక్షలు చేసినాడు. మీరు నాలుగుకి పక్కన నిలబడి కూడా చెప్పలేదు. పైగా?"

"నా పొట్లం దాచేద్దామని దూలం మీద చెయ్యి పెట్టినా. అక్కడ అట్టాంటిదే ఇంకోటి ఉండాది! వినీల తెచ్చిందని అర్థమైంది. నాది తీసుకుపోయి గుంట అవతల పూడ్చిపెట్టినా. దానిది..." తల ఎత్తలేకపోయాడు. "దానిది దాని గుడ్డల్లో పెడదామని పెట్టె తెరిచినా. అవి బిడ్డ గుడ్డలని చూసుకోలా. ఆ గాభరాలో చూసుకోలేదమ్మా."

గుమ్మం దగ్గర వినీల నిలబడి ఉంది. ఏడ్వలేదు, అరవలేదు.

"బావా," అంది. "నిన్న ఆటోలో అత్త తల నా ఒళ్ళోనే ఉండాది. దోవంతా 'ఏం తిన్నావత్తా, ఏం తిన్నావ్' అని అడగతానే ఉండా. నువ్వు చెప్పుంటే నేను డాక్టరుకి చెప్పుండేదాన్ని గదా?"



నరేంద్రబాబు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. కానిస్టేబులుకు సైగ చేశాడు. ఆ సైగ వినీల వైపు కాదు. కానిస్టేబులు పెంచలకృష్ణ పక్కన వెళ్ళి నిలబడ్డాడు. "మేడమ్," అన్నాడు ఎస్సై ఇబ్బందిగా, "ఆ సెక్షన్ మాట నేను..."

"ఆగండి!"

వనజాక్షి చెయ్యెత్తింది. ఆమె కళ్ళు చేతిలోని వెన్నుముల్లు మీద ఉన్నాయి. మనసులో షెడ్డు బస్తా మీది మరకలు మెదిలాయి. రెండు మరకలు. బూడిదలో ఒకటే ముల్లు.

"అన్నా, ఎన్ని ముక్కలు పెట్టినారు?"

"రెండు."

"రెండోది ఏది?"

పెంచలకృష్ణ తెల్లమొహం వేశాడు. "అవే లాక్కుపోయుంటాయి అనుకున్నా..."

"బస్తా మీద ఒక్క తునకైనా రాలలేదు. ఈడ్చిన గుర్తు లేదు. రెండూ ఒకే చెయ్యి తీసింది!" వనజాక్షి అప్పటికే ఫోను చేస్తోంది. "హలో, సుధాకర్! మీ అమ్మ మాట్లాడగలుగుతా ఉండాదా?"

"మధ్యాన్నం నుంచి తెలివొచ్చిందక్కా. కొంచెం కొంచెం మాట్లాడతా ఉండాది. ఏమైంది?"

"ఫోను ఆమె నోటి కాడ పెట్టు. వంజరం ముక్కలు రెండు దొరికినాయి గదా, రెండోది ఏం చేసినావని అడుగు. ఇప్పుడే!"

స్పీకరులో యంత్రాల చప్పుడు, ఆపైన ఆరిపోతున్నట్టున్న గొంతు. "...అల్లుడికిచ్చినా నాయనా... రోడ్డు మీద బస్సాపినాడు... అనూషకి నోరు చేదుగా ఉండాదంటే... పంపించినా..."

అనూష కామాక్షమ్మ కూతురు. బోగోలులో ఉంటుంది. ఆరో నెల కడుపు.

వనజాక్షి వేళ్ళు నంబరు కోసం వెతుకుతుండగానే వినీల తన ఫోను తీసింది. పాపను చంకనేసుకుని వంటగది నడిమధ్యలో నిలబడింది. పైన పెంకుల కింద ఏదో టకటకా పరిగెత్తింది. వినీల తలెత్తి కూడా చూడలేదు.

"అనూషా! నిన్న అత్త పంపిన వంజరం తినబాక! దానికి ఎలకల మందు పూసుండారు! ఎలకల మందు, వినపడిందా? ఎలకల మందు!"

ఆ అరుపుకు అరుగు మీది కాకి ఎగిరిపోయింది.

"ఏంది వదినా, అట్టా అరస్తా ఉండావు?" అంది అవతల అనూష. "నేను తిన్లా. నాకా వాసనే పడలా."

వినీల కళ్ళు మూసుకుంది. "పడేసినావా?"

"పడేసేదెందుకు, మంచి ముక్క. ఇవ్వాళ వేయించి ఆయన క్యారేజీలో పెట్టినా."

నాలుగూ నలభై ఒకటి.

*

అనూష మొగుడు హజరత్తయ్య రొయ్యల ఫ్యాక్టరీ బస్సు నడుపుతాడు. మధ్యాహ్నం నుంచీ ఆడకూలీలను చేరవేసి, ఐదింటికి ఫ్యాక్టరీ గేటు ముందు బస్సు నిలిపి, షిఫ్టు వదిలే లోపల క్యారేజీ విప్పుతాడు. అనూష చెప్పింది ఇంతే. ఫ్యాక్టరీ పద్నాలుగు కిలోమీటర్లు.

పెంచలకృష్ణను కానిస్టేబులుకు వదిలి నరేంద్రబాబు తనే జీపు స్టీరింగు అందుకున్నాడు. ముందు సీటు తలుపు తీసి పట్టుకుని, "ఎక్కమ్మా. ఆ బస్సేదో గుర్తుపట్టేది నువ్వే," అన్నాడు. వినీల పాపతో సహా ఎక్కింది. ఐదింటికి ఆమెను స్టేషనుకు తీసుకుపోవలసిన జీపు అదే. ఆమెకా సంగతి గుర్తున్నట్టు కూడా లేదు.

వనజాక్షి వెనక నుంచి హజరత్తయ్యకు ఫోను కలిపింది. మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ కలిపింది.

"ఎత్తడక్కా," అంది వినీల ముందు నుంచి తిరిగి. "బస్సు నడిపేటప్పుడు ఫోను ముట్టడు. దేవుడి మీద ఒట్టేసుకున్నాడు. బస్సు ఆపినాకే ఎత్తుతాడు."

"అంటే ఎత్తనంతసేపూ..."

"ఎత్తనంతసేపూ తినలేదన్నట్టే!"

జీపు ఎగిరి పడుతోంది. ఎస్సై ఒక చేత్తో వైర్‌లెస్ పట్టుకుని ఫ్యాక్టరీ గేటు కాపలావాళ్ళ నంబరు కోసం అరుస్తున్నాడు. ఎవరో హోల్డులో ఉండమంటున్నారు. నాలుగూ యాభై. మోగుతోంది, ఎత్తలేదు. వినీల పెదాలు కదులుతున్నాయి. ఎత్తొద్దన్నా, ఎత్తొద్దు. నాలుగూ యాభై మూడు. ఎత్తలేదు. ఫ్యాక్టరీ పొగగొట్టం కనపడింది. ఇంకో మూడు కిలోమీటర్లు. రైల్వే గేటు పడి ఉంది.

నరేంద్రబాబు బ్రేకు మీద నిలబడ్డాడు. హారను మోగించాడు. గేటుమన్ లోపల నుంచి చెయ్యి ఊపాడు, రైలొస్తోందని.

నాలుగూ యాభై ఎనిమిది. వనజాక్షి ఏడోసారి నొక్కింది. రెండుసార్లు మోగింది.

ఎత్తాడు.

వినీల ఫోను లాక్కుని, "అన్నా! నేను వినీలని! క్యారేజీ..." అనబోయేంతలో అవతలి నుంచి హజరత్తయ్య పలికాడు. చాలా నింపాదిగా, చాలా సంతోషంగా ఉన్నాడు.

"ఏందమ్మా, ఇన్నిసార్లు చేసుండారు?"

ఆ నోట్లో ముద్ద ఉంది.